సార్ల నోటుపుస్తకాలు చిత్తుకాగితాల బండికేనా?

వరంగల్‌కు సముద్రం లేదు. అయినా ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులకు ‘సీవీడ్’ (సముద్రపు నాచు) మందు కొత్తేమీ కాదు. ఆసుపత్రి ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచే అగర్ కూడా సముద్రపు నాచు నుంచి తీసిందే. ఆ నాచును ఏరి, ఆరబెట్టి, ఏది ఏ జాతిదో తేల్చినవారిలో బడిపంతుళ్లూ ఉన్నారు.

ఆర్థర్ హెన్రీ షేక్స్‌పియర్ లూకాస్ అలాంటి సారే. 1853లో ఇంగ్లండ్‌లో పుట్టి, 1883లో ఆస్ట్రేలియా చేరారు. లెక్కలు, సైన్సు చెప్పుకొంటూ సిడ్నీ గ్రామర్ స్కూలు హెడ్మాస్టరయ్యారు. 1923లో ఆ కుర్చీ దిగారు గానీ నాచు కోసం తీరాల వెంట తిరగడం ఆపలేదు. 1936లో, 83 ఏళ్ల వయసులో, అలాంటి సేకరణకే వెళ్లి రైల్లో తిరిగొస్తూ జబ్బుపడి ఆల్బరీలో కన్నుమూశారు. దక్షిణ ఆస్ట్రేలియా నాచులపై ఆయన పుస్తకం మొదటి భాగం అదే ఏడాది వచ్చింది. మిగిలిన పనిని నాచుల పరిశోధకురాలు ఫ్లోరెన్స్ పెరిన్ పూర్తిచేయగా రెండో భాగం 1947లో వెలువడింది. సారు పోయినా ఆయన కాగితాలు పోలేదు.

నాచును సేకరించి దాచే ఈ పనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. తాంబాళంలో నీళ్లు పోసి నాచును తేలనిచ్చి, కింద నుంచి దళసరి కాగితం పెట్టి మెల్లగా పైకెత్తాలి. చాలా రకాలు తమ జిగురుతోనే కాగితానికి అంటుకుంటాయి. అడుగున తేదీ, చోటు రాయాలి. విలువంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది. 1940ల నుంచి పోగైన ఇలాంటి నమూనాల రికార్డులు 20 వేలకు పైగా పరిశీలించి, సముద్రం వేడెక్కేకొద్దీ ఆస్ట్రేలియా నాచులు దక్షిణానికి జరుగుతున్నాయని 2011లో పరిశోధకులు చూపించారు.

మనకు సముద్రం లేకపోతేనేం, చెరువులున్నాయి. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల నాటివి. భద్రకాళి చెరువులో గుర్రపుడెక్క ఎప్పుడు కమ్మింది, ఏ నెలలో నీళ్లు పచ్చబడ్డాయి, ఏ పిట్టలు వచ్చాయి అని రాసి పెట్టుకునే సార్లు, టీచర్లు ఊరికొకరైనా ఉంటారని మా నమ్మకం. రిటైరైన రోజు వారికి శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. సర్కారు జాగ్రత్త చేసేది మాత్రం సర్వీసు రిజిస్టరునే. అందులో ఇంక్రిమెంట్లు, బదిలీలు తప్ప ఆ మనిషి ఏం చూశారో ఉండదు. నోటుపుస్తకాలు ఇల్లు సర్దేటప్పుడు కిలోల లెక్కన పోతాయి.

1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం హన్మకొండలోనే ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయానికి గ్రంథాలయముంది, వృక్షశాస్త్ర విభాగముంది. ఈ రెండు చోట్లా తలా ఒక బీరువా కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. పింఛను కాగితాలతో పాటు ‘మీరు రాసుకున్న పుస్తకాలేమైనా ఇస్తారా సార్’ అని విద్యాశాఖ అడగాలి. తేదీ, ఊరు పేరు ఉన్నవాటిని ముందు తీసుకోవాలి. స్కానింగ్ తర్వాత చూసుకోవచ్చు. వానలు మొదలైతే చెమ్మ, చెదలు పడతాయి కనుక ఈ పని వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలి.