మాస్టారి కాలి కింది బ్రేకుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండో బ్రేకు గారి పాదసన్నిధికి,

నమస్కరించి రాయునది. పాదసన్నిధి అన్నది మర్యాద కోసం వాడిన మాట కాదు, డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు మాస్టారి కాలి కింద, మీ చిరునామాయే అది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, ఇంటిల్లిపాదీ క్షేమం. కారు వెనక బంపరు ఒక్కటే కొంచెం క్షేమంగా లేదు, దాని సంగతి తర్వాత రాస్తాను. అక్కడ మీరూ, మీ పక్కనుండే క్లచ్ గారూ, మీ ఇద్దరినీ తొక్కే మాస్టారి చెప్పులూ క్షేమమని తలుస్తాను.

నేను గుర్తున్నానా? ఉదయం ఆరున్నర బ్యాచి. స్టీరింగును, బావిలోకి జారిపోతున్న చేంతాడులా పట్టుకునేవాణ్ణి. ఇరవై రోజులు ఒకే కారులో తిరిగాం గానీ మనం ఎదురుపడింది లేదు. నా చూపు రోడ్డు మీద నుంచి కదలకూడదని మాస్టారి ఆజ్ఞ. మీరేమో పక్క సీటు ముందు చీకట్లో, ఎవరికీ కనపడకుండా కాపురం.

అసలు విషయం. నాకు లైసెన్సు వచ్చింది. దాని మీద నా పేరు, నా సంతకం, నిద్రలేచినట్టున్న నా ఫొటో. ఆ కార్డు చూసినప్పుడల్లా సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత గుర్తొచ్చి సిగ్గేస్తోంది. న్యాయంగా అక్కడ ఉండాల్సిన ఫొటో మీది.

మొదటి రోజు మాస్టారు చెప్పిన పాఠం మొత్తం ఇంతే: "క్లచ్ తొక్కు. ఫస్ట్ గేరు వెయ్యి. మెల్లగా వదులు. మెల్లగా అంటే మెల్లగా బాబూ!" ఆ మెల్లగా అంటే ఎంతో, ఎందుకో చెప్పలేదు. ఇంజను తిరుగుతూ ఉంటుంది, చక్రాలు నిలబడి ఉంటాయి, రెంటినీ ఒక్కసారిగా కట్టేస్తే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. అందుకని క్లచ్ పళ్ళెం కాసేపు జారుతూ, రాసుకుంటూ రెంటి వేగాన్నీ కలుపుతుంది. ఆ కలిసే చోటునే హాఫ్ క్లచ్ అంటారు. ఇదంతా నేను లైసెన్సు వచ్చాక చదువుకున్నాను. ఒక్క నిమిషంలో చెప్పగలిగిన సంగతి. కానీ చెప్పాల్సిన అవసరం మాస్టారికి ఏముంది? మీరున్నారు కదా.

మీ పనితనం కూడా ఆ తర్వాతే అర్థమైంది. మన కారులో మీకూ నా పెడల్‌కూ మధ్య లోపల ఓ కడ్డీ ఉందట. అటు మాస్టారు తొక్కితే ఇటు నా పెడల్ కూడా దానంతటదే కిందికి దిగుతుంది. నా కాలు అప్పటికే దాని మీద ఉంటుంది కాబట్టి నేనే తొక్కాననుకుంటాను. పల్లకీలో పడుకున్నవాడు తానే నడుస్తున్నానని మురిసిపోయినట్టు. నాలుగో రోజుకల్లా ఆగాల్సిన చోట ఆగుతున్నాను, గేరు మార్చినప్పుడు బండి ఎగిరిపడటం మానేసింది. "నీకు చెయ్యి తిరిగింది బాబూ" అన్నారు మాస్టారు. ఆ రోజు ఇంట్లో ఎంత గొప్పలు చెప్పుకున్నానో మీకు తెలియదు. తిరిగింది ఆయన కాలని నాకూ తెలియదు.

తెలియదు అనడం పూర్తిగా నిజం కాదులెండి. పదకొండో రోజున నా వంతు అయిపోయి వెనక సీట్లో కూర్చున్నాను. ముందు వేరే కుర్రాడు నడుపుతున్నాడు. మాస్టారు ఫోనులో ఎవరితోనో ఏదో పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నారు. నడుం పైన మనిషి కదలడం లేదు. కింద కాళ్ళు మాత్రం కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీ కాళ్ళలా ఆడుతున్నాయి. ఫోను పెట్టేసి ఆ కుర్రాడితో అన్నారు, "నీకు చెయ్యి తిరిగింది బాబూ." అప్పుడు నాకేమనిపించాలి? నాకేమనిపించిందంటే, పాపం ఈ పిల్లాడికి ఇంకా మాస్టారే తొక్కాల్సి వస్తోంది, నాకైతే అక్కర్లేదు అని.

ఇక రివర్సు పాఠం. వెనక్కి పెట్టడమంటే అద్దాల్లో దూరం అంచనా కట్టడమని, ముందు చక్రాలు ఒకవైపు తిరిగితే కారు మూతి మరోవైపు ఊడుస్తుందని మీరైనా ఎప్పుడైనా విన్నారా? మేం నేర్చుకున్నది ఇది: మూడో కర్ర వెనక కిటికీ మూలలో కనపడగానే ఒకటిన్నర రౌండు తిప్పు, నాలుగో కర్ర అద్దంలోకి రాగానే ఫుల్ లాక్ చెయ్యి, అంటే స్టీరింగు చివరిదాకా తిప్పు, పసుపు గీత కనపడితే ఆపు. పరీక్ష మైదానంలో కర్రలు ఆ వరసలోనే ఉంటాయి. తర్వాత ఏ పార్కింగులోకి వెళ్ళినా నేను దిగి కర్రల కోసం వెతుక్కుంటున్నాను. ఒకచోట చీపురు దొరికింది. ఎత్తు సరిపోలేదు.

పరీక్ష రోజున మీరు చేసిన మేలు మాత్రం ఈ జన్మలో మరవలేను. వెనక సీట్లో అధికారి. పక్క సీట్లో, స్కూలు బండి కనుక, మాస్టారు. ఎప్పుడూ లేనిది ఆయన ఒళ్ళో పెద్ద ఫైళ్ళ సంచి. నేను టెన్షన్‌లో ఉండి, ఆయన కూడా టెన్షన్‌తోనే దాన్ని పట్టుకున్నారనుకున్నాను. ఆ సంచి మీకు కట్టిన తెర అని తర్వాత వెలిగింది. ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదిలించమన్నారు. నేను బ్రేకు వదిలాను. కారు అంగుళం కూడా వెనక్కి జారలేదు. "హిల్ స్టార్ట్ బాగా చేశావు" అన్నారు అధికారి. మాస్టారు వినయంగా తల దించుకున్నారు. అభినందన ఎవరికి చెందాలో ఆ కారులో ఇద్దరికే తెలుసు, మీకూ ఆయనకూ.

జర్మనీలో మీ జాతికి ఇంత స్వేచ్ఛ లేదట. అక్కడి స్కూలు కార్లలో మాస్టారు తన పెడల్ తొక్కితే వెనకున్న అధికారికి తెలిసేలా చప్పుడో దీపమో ఉండాలని నియమం. పరీక్షలో అది మోగిందంటే పిల్లవాడి పని అయిపోయినట్టే. మా మాస్టారు వింటే ఇదేం అన్యాయం అంటారు. ఆయన మనసుకు నచ్చే కాలం ఒకటుంది: బ్రిటన్ 1903 చట్టంతో లైసెన్సు తప్పనిసరి చేసింది గానీ, అందరికీ పరీక్ష పెట్టడానికి 1935 దాకా ఆగింది. మధ్యలో 32 ఏళ్ళ పాటు, తగిన వయసుంటే చాలు, నడపడం వచ్చా అని అడిగే చట్టం లేదు. ఆహా! మీరూ అక్కర్లేదు, ఫైళ్ళ సంచీ అక్కర్లేదు.

సరే, బంపరు సంగతి.

లైసెన్సు వచ్చిన వారానికి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. వెళ్ళేటప్పుడు అంతా సవ్యం. తిరిగొచ్చేటప్పుడు సెల్లారు పార్కింగులోంచి పైకెక్కే ర్యాంపు మధ్యలో ముందు కారు ఆగింది. నేనూ ఆగాను. అది కదిలింది. నేను బ్రేకు వదిలి, కారు దానంతటదే నిలబడుతుందని నిమ్మళంగా కూర్చున్నాను. ఇరవై రోజులూ స్కూలు కారు అలాగే నిలబడింది కదా! అది వెనక్కి బయల్దేరింది. నాకు భయం వెయ్యలేదు, ఆశ్చర్యం వేసింది. నమ్మకస్తుడు మాట తప్పితే కలిగే ఆశ్చర్యం. బ్రేకు తొక్కింది అమ్మ. పక్క సీట్లోంచి, రెండు కాళ్ళూ చాచి, "నారాయణా" అంటూ బలంకొద్దీ తొక్కింది. కానీ అక్కడ మీరు లేరు. మ్యాట్ ఉంది. చివరికి మమ్మల్ని ఆపింది సెల్లారు స్తంభం.

ఆ రాత్రి కర్ణుడు నాగాస్త్రం వేసిన కథ గుర్తొచ్చింది. అస్త్రం అర్జునుడి తల మీదికి వస్తుంటే కృష్ణుడు కాలితో రథాన్ని నొక్కి భూమిలోకి దించాడు. కిరీటం పోయింది, తల దక్కింది. లోకంలో మొదటి రెండో బ్రేకు అదే అయ్యుండాలి. ఆ కథకు కొసరు కూడా ఉంది. యుద్ధం అయిపోయాక కృష్ణుడు అర్జునుణ్ణి ముందు దిగమన్నాడు. తర్వాత తాను దిగాడు. ఆయన దిగీ దిగగానే రథం భగ్గున మండి బూడిదైపోయింది. అప్పటిదాకా అది ఎవరి బలం మీద నిలబడిందో అర్జునుడికి అప్పుడు తెలిసింది. నాకు ఓ బంపరుతో తెలిసింది, అర్జునుడి కన్నా చవకే.

తర్వాత కూర్చుని మీ గురించి కాస్త చదివాను. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఓ పట్టిక ఉంది. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఆగడానికి 23 మీటర్లు పడుతుంది. అందులో బ్రేకు తీసుకునేది 14. మిగతా 9 మీటర్లూ మనిషి చూసి, తేరుకుని, కాలు కదిపేలోపు కరిగిపోయేవి. వేగం రెట్టింపైతే ఆ 9 కాస్తా 18 అవుతుంది, బ్రేకు భాగమేమో దాదాపు నాలుగింతలై 55కు చేరుతుంది. మీ లెక్క మీకు తెలిసిందేగానీ, నా బెంగ ఆ 9 మీటర్ల మీద. ఇరవై రోజుల్లో అవి ఒక్కసారి కూడా నావి కాలేదు. చూసింది మాస్టారు, తేరుకున్నది మాస్టారు, కదిలింది మాస్టారి కాలు. నేను ఫీజు కట్టింది ఆ 9 మీటర్ల కోసమేనని ఇప్పుడనిపిస్తోంది.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్, మోటారు కారు చేసిన భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆయన చేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు వెళ్ళిపోయింది. వంద కిలోమీటర్ల పైమాటే. స్కూలు లేదు, మాస్టారు లేరు, మీరు లేరు. ఎత్తులొస్తే నెట్టారు. దిగుడు రోడ్ల మీద బ్రేకు దిమ్మలు అరిగిపోతే, దారిలో చెప్పులు కుట్టే ఆయన చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు అరుగుతోందని ఆవిడకెలా తెలిసింది? వేసింది ఆవిడే కాబట్టి.

దక్షిణ కొరియాలో చా సా-సూన్ అనే పెద్దావిడ ఉన్నారు. రాతపరీక్షలోనే 900 సార్లకు పైగా తప్పి, 2009లో గట్టెక్కి, 2010లో లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ వార్త వచ్చినప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. నేను మొదటిసారే పాసయ్యాను మరి. ఆవిడ తప్పులన్నీ ఆవిడ సొంతం. నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒక్కటీ లేదు, ఆ స్తంభం దాకా.

ఇప్పుడీ ఉత్తరం దేనికంటే, వచ్చే సోమవారం మా తమ్ముడు మీ దగ్గర చేరుతున్నాడు. అదే మాస్టారు, అదే ఆరున్నర బ్యాచి. వద్దంటే వినడు, "నువ్వు మొదటిసారే పాసయ్యావుగా అన్నయ్యా" అంటాడు. వాణ్ణి గుద్దుకోనివ్వమని నేను అడగను. అడ్డం ఎవరైనా వస్తే మీ పని మీరు చెయ్యాల్సిందే, ప్రాణాలతో పరాచికాలు వద్దు. కానీ మీరు కదిలినప్పుడల్లా ఓ చిన్న చప్పుడు చెయ్యండి. తుప్పు పట్టినట్టు కిర్రుమంటే చాలు, వాడి చెవిన పడుతుంది. మాస్టారు నూనె డబ్బా పట్టుకుని వంగితే మాత్రం ఎలాగైనా తప్పించుకోండి.

ఇట్లు,
మీ లైసెన్సును తన జేబులో పెట్టుకు తిరుగుతున్న శిష్యుడు