రాడాన్ సంగతి తర్వాత, ముందు పిల్లర్లో రింగులు చూడండి

2024 డిసెంబర్ 4 పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే ఇక్కడ బెజవాడలో జనం అపార్ట్‌మెంట్లు దిగి రోడ్డు మీదకొచ్చేశారు. ఇలా కదిలిన ప్రతిసారీ అదే చర్చ, బావుల్లో నీళ్లు మారతాయంట, మట్టిలోంచి రాడాన్ అనే వాయువు ఎక్కువ వస్తదంట, అవి చూసి భూకంపాన్ని ముందే కనిపెడితే సరిపోతుంది కదా అని.

1975లో చైనావాళ్లు భూకంపం వస్తదని హైచెంగ్‌ని ముందే ఖాళీ చేయించారు, నిజమే. కానీ అక్కడ ప్రధానంగా పనికొచ్చింది ముందుగా వరసపెట్టి వచ్చిన చిన్న ప్రకంపనలు. ఏడాదిన్నర తిరక్కుండానే తాంగ్‌షాన్‌లో భూకంపానికి ముందు అలాంటివేం లేవు, 2,40,000 మందికి పైగా పోయారు. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర 1993 లోపు వస్తదని లెక్కేసి పరికరాలన్నీ దింపి కాపు కాస్తే 2004లో వచ్చింది, ముందు నమ్మదగ్గ గుర్తు ఒక్కటీ దొరకలేదు. రాడాన్ అయితే వానకీ గాలి ఒత్తిడికీ కూడా మారిపోతుంది. మహారాష్ట్రలోని కోయినా దగ్గర మనోళ్లు 3 కిలోమీటర్ల లోతు బోరేసి పరిశోధిస్తున్నారు, చెయ్యాల్సిందే, కాదనట్లేదు.

కానీ జనాన్ని చంపేది కూలిన బిల్డింగే కదా. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి, వాటిల్లో చాలా వరకు కింద గోడల్లేకుండా ఒట్టి పిల్లర్ల మీద పార్కింగ్ వదిలినవే. ఇప్పుడు పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఏదో ఒక సందులోకి వెళ్లి చూడండి, అదే డిజైన్. 2016 నాటి భూకంప కోడ్‌లో మనది జోన్ 3, అంటే ఓ మోస్తరు ముప్పున్న ప్రాంతం, పైగా బెజవాడ కింద కృష్ణ తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు, రాయి మీద కంటే ఊపు ఎక్కువ తెలుస్తది.

స్లాబ్ వెయ్యకముందు సైట్‌కెళ్లి పిల్లరూ బీమూ కలిసే చోట చూడండి. అక్కడే నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప రింగులు దగ్గరదగ్గరగా ఉండాలి, ఆ రింగు చివర కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంగాలి. చాలా సైట్లలో 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు, జాయింట్‌లో రింగు దూర్చడం కష్టమని అసలు వెయ్యనే వెయ్యరు. కాంక్రీట్ పడ్డాక ఎవడికి కనపడుద్ది?

అసలు రోగం ఇంకోటుంది. ప్లాన్ ఒకటి, కట్టేది ఇంకోటి, మీద ఒక ఫ్లోర్ ఎక్కువేసి తర్వాత బీపీఎస్ (అక్రమ కట్టడాన్ని జరిమానాతో సక్రమం చేసే స్కీమ్) ఫీజు కట్టేస్తే సక్రమం. ఆ ఫీజు కడితే పిల్లర్లోకి ఇనుము వస్తదా అండీ? ఆ స్కీమ్ తెచ్చినప్పుడల్లా ప్రభుత్వానికి ఆదాయం, ఓనర్‌కి ఊరట, అద్దెకుండే వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. రాడ్ కట్టాక, కాంక్రీట్ పొయ్యకముందు మున్సిపల్ ఇంజినీర్ వచ్చి సంతకం పెడితేనే తర్వాతి ఫ్లోర్‌కి పర్మిషన్ అని రూల్ పెట్టి, దాన్ని గట్టిగా అమలు చెయ్యండి.