చదివి, లెక్కగట్టి, చెప్పేవారు కావాలి

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత నియమించిన జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో తన నివేదిక ఇచ్చింది. ప్రజలను సలహాలు అడిగితే దాదాపు 80 వేలు వచ్చిపడ్డాయి. కమిటీలో ఉన్నది ముగ్గురే. న్యాయశాస్త్ర విద్యార్థులు, యువ న్యాయవాదులు, అధ్యాపకులు వెంట నిలిచి రాత్రింబవళ్లు శ్రమించబట్టే 600 పేజీల పైచిలుకు నివేదిక 2013 జనవరి 23 నాటికి సిద్ధమైంది. వెంటాడి వేధించడం, యాసిడ్ దాడి వంటివి విడి నేరాలుగా శిక్షాస్మృతిలో చేరింది ఆ ఏడాది సవరణలోనే. వైవాహిక అత్యాచారంపై కమిటీ చేసిన సిఫారసును మాత్రం ప్రభుత్వం పక్కనపెట్టింది. ఇండియా గేటు దగ్గర కొవ్వొత్తులు పట్టుకున్నవారు దేశానికి గుర్తున్నారు. కాగితాల కట్టల ముందు కూర్చున్నవారు ఎవరికీ గుర్తులేరు. మన రాష్ట్రాల్లో ఈరోజు అత్యవసరంగా కావలసింది ఆ రెండో రకం మనుషులు, జీతం ఆశించకుండా లెక్కలు వెలికితీసి ఊరికి చెప్పే వాలంటీర్లు.

ఎందుకో చెప్పడానికి గృహహింస చట్టం ఒక్కటి చాలు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. బాధితురాలి అర్జీపై మామూలుగా 3 రోజుల్లో మొదటి విచారణ జరపాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు మేజిస్ట్రేటు ప్రయత్నించాలి అని 12వ సెక్షన్ చెబుతోంది. మీ జిల్లాలో నిరుడు ఎన్ని అర్జీలు ఆ గడువులో తేలాయి? బాధితురాలికి తోడ్పడేందుకు ఈ చట్టం కింద నియమించే రక్షణ అధికారికి ఇదొక్కటే పనా, మరో శాఖ ఫైళ్ల మధ్య దీన్నీ మోస్తున్నారా? భరణం ఇమ్మని కోర్టు చెప్పాక ఎందరికి ఆ డబ్బు చేతికందింది? జిల్లాలవారీగా ఈ లెక్కలు మామూలు పౌరుడికి సులువుగా దొరకవు. రక్షణ అధికారుల నియామకాన్ని 6 వారాల్లో పూర్తిచేయండని 2025 మే నెలలో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే, చట్టం వచ్చిన రెండు దశాబ్దాలకు మనం ఎక్కడున్నామో ఊహించుకోవచ్చు.

పోలీసు లెక్కలు ఉన్నాయి కదా అనవచ్చు. జాతీయ నేర గణాంక సంస్థ 2022లో మహిళలపై నేరాలుగా 4,45,256 కేసులు చూపింది. వాటిలో మూడో వంతుకు దగ్గరగా భర్త, అతని బంధువుల క్రూరత్వం కింద నమోదైనవే. కానీ గృహహింస చట్టం కింద స్త్రీ కోరేది ప్రధానంగా రక్షణ, నివాసం, భరణం. ఆ అర్జీ నేరుగా మేజిస్ట్రేటు దగ్గరకు వెళుతుంది కాబట్టి పోలీసు పట్టికల్లో దాదాపుగా కనిపించదు. ఇక స్టేషను గడప తొక్కనివారి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల మధ్య వివాహిత స్త్రీలలో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. ఈ అగాధంలో ఏముందో తెలుసుకోకుండా రాసే విధానం ఎవరిని కాపాడుతుంది?

తెలుసుకోకుండా రాసిన చట్టం ఎలా ఉంటుందో చూశాం కూడా. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో యువ వైద్యురాలి హత్య తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు అన్నది. ప్రజల కోపం న్యాయమైనదే, ఆ కోపాన్ని మేమూ పంచుకున్నాం. కానీ ఫోరెన్సిక్ ప్రయోగశాల నుంచి నివేదిక రావడానికి ఎన్నాళ్లు పడుతోంది, ప్రాసిక్యూటర్లు ఎందరున్నారు, సాక్షులు ఏ దశలో వెనక్కి తగ్గుతున్నారు అనే ప్రశ్నలకు జవాబులు ముందు పెట్టుకుని ఆ గడువులు నిర్ణయించలేదు. రాష్ట్రపతి ఆమోదం దక్కక బిల్లు చట్టం కాలేదు. దాని చుట్టూ పెంచిన ఆశలకు మూల్యం చెల్లించింది బాధిత కుటుంబాలే.

ఈ జవాబులు వెతికే పరిశోధన అనగానే డాక్టరేట్లు గుర్తుకురానక్కర్లేదు. గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషికి ప్రభుత్వ ఫైలు ఎలా చదవాలో, ఏ రిజిస్టరులో ఏ వివరం ఉంటుందో ఏ ఆచార్యుడి కన్నా బాగా తెలుసు. గణాంక శాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థి బడ్జెట్ పుస్తకంలో, హింసకు గురైన స్త్రీలకు సాయమందించే సఖి కేంద్రాలకు కేటాయించింది ఎంత, ఖర్చు చేసింది ఎంత అని నాలుగేళ్ల పట్టిక వేయగలడు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు దాటవేస్తే అప్పీలు వేసే ఓపిక కావాలి, అంతే. అమెరికాలోనో బెంగళూరులోనో కంప్యూటర్ ముందు పనిచేసే తెలుగువారు చిందరవందరగా వచ్చిన ఆ జవాబులను సెలవు రోజుల్లో వరుసలో పెట్టి ఇవ్వగలరు.

లెక్కగట్టడం సగం పనే. రెండో సగం చెప్పడం. లెక్క ఎంత కచ్చితమైనా అది ఇంగ్లిషు నివేదికలో పడుకుంటే వంటింటికి చేరదు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే భర్త కొట్టడం ఏదో ఒక సందర్భంలో సబబేనని చెప్పిన స్త్రీలు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 84 శాతానికి దగ్గరగా ఉన్నారు. దెబ్బలు తింటున్న స్త్రీలే అది తమ తప్పుకు శిక్ష అనుకునే స్థితిని సర్క్యులర్లు మార్చలేవు. ఊళ్లో మాట మారాలి. మాట మారితే ప్రభుత్వమూ మారుతుందని తెలుగు నేలకు బాగా తెలుసు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీర్లు రాత్రి బడుల్లో చదువు చెప్పారు. పాఠాల్లో సారా కాపురాలను ఎలా కూల్చుతుందో ఉంది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ ఊరి కథే మళ్లీ పాఠమై ఇతర ఊళ్ల బడులకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తర్వాతి ప్రభుత్వం 1997లో నిషేధాన్ని సడలించింది, అది వేరే బాధ. రాజధానిలో కూర్చున్న ఏ నిపుణుల సంఘమూ ఆ విధానాన్ని ముందుగా రాయలేదు. జీతం లేని కుర్రాళ్లు, కూలి చేసుకుని వచ్చి అక్షరాలు దిద్దుకున్న తల్లులు దానికి మూలం.

ఇప్పుడు చెప్పవలసిన విషయాలకు కొదవ లేదు. ఇల్లు తన పేరిట లేకపోయినా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి గృహహింస చట్టం 17వ సెక్షన్ ఇస్తోంది. ఆ ఇల్లు అత్తమామల పేరిట ఉన్నా, అక్కడ ఉమ్మడిగా కాపురమున్న కోడలు ఆ హక్కు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం భార్యకే కాదు, ఒకే ఇంట్లో హింసకు గురయ్యే తల్లికీ, అక్కచెల్లెళ్లకూ వర్తిస్తుంది. మహిళల సహాయ నంబరు 181కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. ఎంతమంది కోడళ్లకు ఇవి తెలుసు? చట్టానికి విస్తృత ప్రచారం కల్పించడం ప్రభుత్వాల విధి అని 11వ సెక్షన్ చెబుతోంది. ఆ విధి ఎంతవరకు నెరవేరిందో అడుగుతూనే, తేట తెలుగులో, కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ మాటల్లో ఈ సంగతులు చెప్పేవారిని తయారుచేసుకోవాలి. తెలుగు మాస్టార్లు, ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాల సభ్యులు, కథలు రాసే యువత ఇందుకు ముందుకు రావాలి.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది, దాన్ని మేము గట్టిగానే చేస్తున్నాం. ఉత్సాహం కొద్దీ బాధితురాలి గుమ్మం ముందుకు రికార్డరు పట్టుకుని వెళ్లడం సేవ కాదు. స్త్రీలపై హింస గురించిన పరిశోధనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే భద్రతా సూత్రాలు ఇచ్చింది. కుటుంబ ఆరోగ్య సర్వేలో సైతం ఈ ప్రశ్నలు ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ ఏకాంతంలోనే అడుగుతారు. పక్కగదిలో అత్తగారున్నా, భర్త అకస్మాత్తుగా వచ్చినా ఆ సంభాషణ ఆమెకు ఆ రాత్రి మరో దెబ్బ కావచ్చు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పేరు రాయకుండా ఊరు, కాలేజీ, తండ్రి వృత్తి రాసినా ఆమెను బయటపెట్టినట్టే. కొత్తవారు కాగితాలతో మొదలుపెట్టాలి, మనుషుల దగ్గరకు శిక్షణ పొందాకే వెళ్లాలి. ఈ కాగితాలూ తేలిక కావు. రోజూ ఇలాంటి కేసులు చదివే ఇరవై ఏళ్ల అమ్మాయికి నిద్ర పట్టకపోతే వినే పెద్దదిక్కు ఉండాలి. పని చేయించుకునే సంస్థలు బస్సు ఖర్చులు ఇవ్వాలి, నివేదికపై వారి పేరు వేయాలి.

ప్రభుత్వాలకు ఈ వాలంటీర్ల సేవ ఖాళీ పోస్టులు నింపకుండా తప్పించుకునే దారి కాకూడదు. రక్షణ అధికారి, సఖి కేంద్రంలో సలహాదారు, 181లో ఫోను ఎత్తే మనిషి పూర్తి జీతంతో, పూర్తి కాలం పనిచేయాలి. వాలంటీరు వారి పనిని లెక్కిస్తాడు, ప్రశ్నిస్తాడు. వారి కుర్చీలో కూర్చోడు.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే శాఖలు తమ వివరాలు వెల్లడించాలి. కాబట్టి రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను మేము సూటిగా అడుగుతున్నాం. ప్రతి జిల్లాలో అందిన గృహహింస అర్జీలు, 60 రోజుల్లో తేలినవి, రక్షణ అధికారుల ఖాళీలు, సఖి కేంద్రాలకు వచ్చిన నిధులు, చేసిన ఖర్చు, పేర్లు లేకుండా, తెలుగులో, మూడు నెలలకోసారి ప్రచురించండి. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై జిల్లా స్థానిక కమిటీలను 2025 జనవరి 31లోగా ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. వాటి సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు కూడా ఆ పట్టికలో ఉండాలి. స్త్రీలపై హింస నిర్మూలన దినమైన నవంబరు 25న కలెక్టరేట్ల ముందు జెండా ఊపి ర్యాలీలు మొదలుపెట్టే అధికారులు, ఈసారి ఆ తేదీకి మొదటి పట్టిక విడుదల చేయాలి.