ఎవరి కుడి, ఎవరి ఎడమ?

మెక్సికోలోని టెనెహాపా కొండపల్లెల్లో సెల్టల్ భాష మాట్లాడేవారు బల్ల మీది సీసా ఎక్కడుందో చెప్పాలంటే కుడి, ఎడమ అనరు. ‘ఎగువన’, ‘దిగువన’ అంటారు. వాళ్ల నేల దక్షిణాన మెరక, ఉత్తరాన పల్లం. బల్ల చదునుగా ఉన్నా లెక్క అదే. ఆస్ట్రేలియాలోని హోప్‌వేల్‌లో గూగు యిమిదిర్ మాట్లాడేవారికైతే అన్నిటికీ దిక్కులే.

ఈ తేడా మాటల దగ్గరే ఆగుతుందా అని భాషా పరిశోధకుడు స్టీఫెన్ లెవిన్సన్ బృందం పరీక్షించింది. బల్ల మీద బొమ్మ జంతువులను ఒకే వైపు నడుస్తున్నట్టు వరసగా పెట్టారు. చూసి గుర్తుపెట్టుకున్న మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద అదే వరస పేర్చమన్నారు. డచ్చివారు తమ కుడికి నడిచిన జంతువులను మళ్లీ తమ కుడికే నడిపించారు. సెల్టల్‌వారిలో ఎక్కువమంది దిక్కు మారకుండా పేర్చారు. తమిళనాడులో మరో భాషా పరిశోధకుడు ఎరిక్ పెడర్సన్‌కు ఒకే భాషలో రెండు తీరులూ కనిపించాయి: పల్లెల్లో దిక్కులు, పట్నాల్లో కుడి ఎడమలు.

గదిలో ఆనవాళ్లు మారిస్తే అమెరికన్ల జవాబులూ మారుతున్నాయని 2002లో మనస్తత్వ పరిశోధకులు పెగ్గీ లీ, లైలా గ్లైట్‌మన్ అభ్యంతరం చెప్పారు. అది సబబైన అభ్యంతరమే. ఏ లెక్క చటుక్కున తోచాలో భాష అలవాటు చేస్తుందంతే, అంతకుమించి మెదడును కట్టిపడేయదని మా అభిప్రాయం. అలవాటు గనక వాడకపోతే పోతుంది.

మనకూ ఆ అలవాటుంది. దస్తావేజులో స్థలం హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అనే రాస్తాం. పట్నంలో ఇల్లు వీధికి ఏ దిక్కున ఉందో రాయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. ‘కుడి పక్క గోడ’ అని రాస్తే ఇంట్లోంచి వీధికి చూసేవారికి ఒక గోడ, వీధిలోంచి ఇంటికి చూసేవారికి ఇంకో గోడ. సాగర్ కుడి కాలువ కూడా నీరు పారే వైపు ముఖం పెడితేనే కుడి. దిగువన నిలబడి డ్యామును చూసేవారికి ఎడమ.

బడిలో మాత్రం దిక్కులు గోడకు వేలాడే పటంలో ఉండిపోయాయి. ఉత్తరం ఏదంటే పిల్లలు పైకప్పు చూపిస్తే తప్పు వాళ్లది కాదు. పొద్దు పొడిచేది తూర్పు అన్నదీ ఉజ్జాయింపే: జూన్ నెలాఖరుకు హైదరాబాదులో సూర్యుడు తూర్పుకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందన్న మాట కూడా బడులు తెరిచే ఆ నెలలో తిరగబడి, నీడ దక్షిణానికి పడుతుంది.

నమ్మదగినది కర్ర. మీటరు కర్రను నిట్టనిలువుగా పాతి, 12 గంటలకు నీడ కొస దగ్గర ఒక గుర్తు, 12:30కి మరో గుర్తు పెట్టాలి. మొదటిది పడమర, రెండోది తూర్పు. రెంటినీ కలిపే గీతకు పటం కింది అంచు ఆనించి నేల మీద పరిచి, ఎవరి ఇల్లు ఏ దిక్కునో పిల్లలను చెయ్యి చాపి చూపమనాలి. మబ్బులు కమ్మకముందే, బడి తెరిచిన తొలి వారంలోనే ఈ పాఠం పెట్టాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాం.