నా చేతి గాజులు నిద్రపోవడం లేదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. మొదట టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత మా ఆడపడుచు పంపింది. బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చే ఇద్దరు పంపారు. నిన్న రాత్రి మా తమ్ముడు పంపాడు, పైన "అక్కా, తప్పకుండా చదువు, కళ్లు తెరుచుకుంటాయి" అని ఒక ముక్క రాసి మరీ. పన్నెండింటి దాకా మిషను తొక్కి, ఐదింటికి పాల ప్యాకెట్ కోసం లేచేదాన్ని. నా కళ్లు ఎప్పుడు మూతపడ్డాయని తెరుచుకోవడానికి?

దాని పేరు "మధ్యతరగతి ఎందుకు ఎదగదు: ఏడు చేదు నిజాలు". ఇంకా చూడని అదృష్టవంతుల కోసం టూకీగా చెప్తాను. బయట టీ మానేస్తే 30 ఏళ్లలో కోటి. జీతాన్ని 50-30-20 కింద విడగొట్టాలి. చీటీలు చదువుకోనివాళ్ల వ్యవహారం. ఇంట్లో బంగారం నిద్రపోతోంది, తాకట్టు పెట్టి ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలి. ఇంటి ఖర్చు ఆడవాళ్ల చేతికి ఇవ్వకూడదు. జపాన్ వాళ్లను చూసి లెక్క రాయడం నేర్చుకోవాలి. చివరికి, ప్రపంచ కుబేరుల్లో ఒకడైన వారెన్ బఫెట్ ఇప్పటికీ పాత ఇంట్లోనే ఉంటాడు. కింద దణ్ణం బొమ్మలు మూడు.

మాది విజయవాడ. మా ఆయన ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తారు, చేతికొచ్చేది 34 వేలు. నా కుట్టుపని మీద సగటున 6 వేలు. ఇద్దరు పిల్లలు, మామగారు, అద్దె ఇల్లు. నేను ఆర్థిక నిపుణురాలిని కాను. పదమూడేళ్లుగా పాత డైరీల్లో ఇంటి లెక్క రాస్తున్నాను, అంతే.

టీతో మొదలుపెడదాం. రోజుకు రెండు టీలు, 40 రూపాయలు, నెలకు 1,200. అది 12 శాతం చొప్పున 30 ఏళ్లు పెరిగితే దాదాపు 42 లక్షలు అవుతుంది. కోటి కాదు. కోటి కావాలంటే ఒక్క నెల తప్పకుండా కడుతూ, ఏటా 16 శాతం చొప్పున 30 ఏళ్లు రావాలి. అలా వస్తుందని రాసిచ్చేవాళ్లుంటే నాకు పరిచయం చేయండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, అప్పటి 42 లక్షలతో ఇప్పటి ఏడున్నర లక్షల సరుకు కూడా రాదు. చిన్న మొత్తం కాదు, కాదనను. కానీ మెసేజ్‌లో కోటి పక్కన కారు బొమ్మ ఉంది. పైగా మా ఆయనకి ఇప్పుడున్న ఉద్యోగం ఖాళీ ఉందన్న సంగతి తెలిసింది టీకొట్టు దగ్గరే. పాత ఆఫీసు మూసేసినప్పుడు ఆయన టీ మానేసి ఇంట్లో కూర్చుని ఉంటే, 1,200 మిగిలేది, జీతం ఉండేది కాదు.

ఐదో నిజం ఆడవాళ్ల చేతికి డబ్బు ఇవ్వొద్దని, ఆరోది జపాన్ లెక్క నేర్చుకోమని. ఈ రెండూ పక్కపక్కనే పెట్టినందుకు రాసినవాడికి దణ్ణం పెట్టాలి. ఆ జపాన్ లెక్కల పుస్తకాన్ని కకేబో అంటారు. 1904లో హాని మొతోకో అనే జర్నలిస్టు దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆవిడ ఆడమనిషి. తెచ్చింది గృహిణుల కోసం. అంటే, డబ్బు ఆడవాళ్ల చేతికి ఇవ్వకు, ఆడవాళ్లు నడిపిన పద్ధతి మాత్రం నేర్చుకో అని. సరే.

50-30-20 సంగతి. అవసరాలకు సగం, సరదాలకు 30 శాతం, పొదుపుకు 20 శాతం. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ అనే లా ప్రొఫెసర్, కూతురితో కలిసి 2005 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. అక్కడి జీతాలకు, అక్కడి ఇళ్లకు సరిపోయి ఉండొచ్చు. మా ఇంటికి తొడిగి చూశాను. అద్దె 8,500. బియ్యం, సరుకులు, కూరగాయలు 8,000. పాలు 2,200. కరెంటు, గ్యాసు 1,800. పిల్లల ఫీజు వాయిదా, వ్యాను 6,000. పెట్రోలు 2,500. మామగారి బీపీ, షుగరు మాత్రలు 2,300. ఫోన్లు 700. మొత్తం 32 వేలు, అంటే 80 శాతం. ఇందులో సరదా ఏది? పాలా, మాత్రలా?

మిగిలే ఆ 8 వేలతోనే మా పొదుపు. అందులో 2,500 చీటీకి, 1,000 పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాకు, 1,500 జూన్ డబ్బాలోకి పోతాయి. మిగతా 3,000 చెప్పకుండా వచ్చే వాటికి. జూన్ డబ్బా అంటే వంటింట్లో పై అరలో ఉండే పాత హార్లిక్స్ సీసా. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు, ఫీజు మొదటి కంతు అన్నీ ఒకే నెలలో మీద పడతాయి కదా, దానికోసం. ఆ మెసేజ్ రాసినవాడికి తెలియనిది ఇదే. జీతం నెలనెలా వస్తుంది, ఖర్చు అలా రాదు. జూన్‌లో బడి, శ్రావణంలో వ్రతం, దసరాకి బట్టలు, సంక్రాంతికి ప్రయాణాలు, మాఘంలో వరసగా నాలుగు పెళ్లిళ్ల చదివింపులు. మధ్యలో బండి ఇన్సూరెన్సు. ఇల్లు గుల్ల అయ్యేది రోజూ తాగే టీతో కాదు, ఇలా గంపగుత్తగా వచ్చి పడేవాటితో. దానికి ఏ శాతాల పట్టికలోనూ గడి లేదు.

చీటీ ఉన్నది అందుకే. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష చీటీ అనుకోండి. ఆరో నెలలో ఎవరికో అవసరం పడి 25 వేలు తగ్గించి పాడుకుంటే, 75 వేలు వాళ్ల చేతికి వస్తాయి. కంపెనీ కమీషన్ ఐదు వేలు తీసేస్తే, మిగతా 20 వేలు తలా వెయ్యి పంచుతారు. ఆ నెల కట్టేది నాలుగు వేలే. నెలనెలా కట్టే ఆర్డీ (రికరింగ్ డిపాజిట్)లో వడ్డీ లెక్క ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది, నిజమే. పోస్టాఫీసు ఆర్డీకి ఇప్పుడు 6.7 శాతం. కానీ ఆరో నెలలో ఆపరేషన్ అంటే ఆర్డీ నాకు 75 వేలు ఇవ్వదు, నేను కట్టిన 30 వేలే చూపిస్తుంది. ఇంకో సంగతి, ఆర్డీ ఒక నెల కట్టకపోతే అడిగేవాళ్లు ఉండరు. చీటీకి కట్టకపోతే ఏజెంటు గుమ్మంలో నిలబడతాడు. మా పొదుపులో సగం ఆ గుమ్మం భయమే.

అలాగని చీటీల మీద ఆ మెసేజ్ చెప్పిందంతా అబద్ధం కాదు. ఎనిమిదేళ్ల కింద మా వీధిలో ఒకావిడ దగ్గర 2 వేల చీటీ వేశాను. పదకొండు నెలలు నడిపి, ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయింది. నావి 22 వేలు పోయాయి. రసీదు లేదు, కాగితం లేదు, ఆవిడ నవ్వే నాకు గ్యారంటీ. చీటీలకు 1982 నాటి కేంద్ర చట్టం ఉంది, రిజిస్ట్రార్ ఉన్నాడు, కమీషన్ ఏడు శాతం దాటకూడదని 2019లో దిద్దారు కూడా. రిజిస్టరైన చీటీయే వేయండి అని రాసి ఉంటే నేనే పదిమందికి పంపేదాన్ని. "చదువుకోనివాళ్లకి" అని రాశాడు.

చదువుకోనివాళ్ల మాటొచ్చింది కాబట్టి చెప్తాను. నా పుట్టిల్లు నెల్లూరు జిల్లా. దూబగుంటలో మొదలైన సారా పోరాటం తర్వాత మా వైపు ఊరూరా పొదుపు సంఘాలు పెట్టారు. మా అమ్మ వేలిముద్ర మనిషి. రోజుకో రూపాయి చొప్పున నెలకు 30 కట్టేది. సంఘం నుంచి అమ్మ తీసుకున్న మొదటి అప్పు గేదెకీ పోలేదు, అంగడికీ పోలేదు. మా తమ్ముడికి టైఫాయిడ్ వస్తే నెల్లూరు ఆస్పత్రికి పోయింది. వాడప్పుడు నాలుగేళ్లవాడు. నిన్న రాత్రి నా కళ్లు తెరిపించబోయింది వాడే.

ఇక నాలుగోది, బంగారం తాకట్టు. మిగతా వాటితో కాస్త డబ్బో, కాస్త బుర్రో పోతుంది. దీంతో ఇళ్లు పోతాయి. దీని లెక్క ఇలా ఉంది: గోల్డ్ లోను 9 శాతానికి దొరుకుతుంది, ఫండ్ 15 శాతం ఇస్తుంది, తేడా 6 శాతం ఊరికే వచ్చిన డబ్బు. "మీ ఇంట్లో నిద్రపోతున్న బంగారాన్ని లేపండి" అట. ఇంట్లో అంటే ఎక్కడ బాబూ? నా చేతికి ఉంది అది. మెసేజ్ మగవాళ్లకు రాసి, తాకట్టు మాత్రం నా గాజులకు పెట్టాడు.

వాడి లెక్కే నిజమనుకుందాం. రెండు లక్షల అప్పు. ఆరు శాతం అంటే ఏడాదికి 12 వేలు, నెలకు వెయ్యి. లైనింగ్ బ్లౌజులు నాలుగు కుడితే నాకు అంత వస్తుంది, ఏదీ తాకట్టు పెట్టక్కర్లేదు. అటువైపు వడ్డీ ఏడాదికి 18 వేలు, నెలకు 1,500. ఫండ్ పెరిగినా తగ్గినా అది కట్టాలి. దేంట్లోంచి? చెప్పకుండా వచ్చే వాటికి ఉంచిన ఆ 3 వేల్లోంచి. అంటే రాబోయే జ్వరం డబ్బు ముందే వడ్డీకి పోతుంది.

తొమ్మిది శాతం బ్యాంకు కాగితం మీద రాసి ఉంటుంది. పదిహేను శాతం ఎక్కడ రాసి ఉంది? 2020 జనవరిలో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 42 వేలు దాటింది. మార్చి 23న ఒక్క రోజులో 13 శాతం పడి 26 వేల కిందకి వచ్చింది. నవంబరుకి మళ్లీ 42 వేలు దాటింది కదా అంటారు. దాటింది. కానీ ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మా ఆయనకి సగం జీతమే ఇచ్చారు. నా మిషను మూలన పడింది, పెళ్లిళ్లే లేకపోతే బ్లౌజులు ఎవరికి? అదే మే నెలలో మామగారు ఆస్పత్రి పాలయ్యారు. రెండు గాజులు పెట్టి 60 వేలు తెచ్చాం. మధ్యలో ఒకసారి వడ్డీ కట్టి తిరగరాయించి, పద్నాలుగు నెలలకు విడిపించుకున్నాం.

ఆ గాజులు అప్పటికే ఫండ్ కోసం బ్యాంకులో ఉండి ఉంటే ఏమయ్యేది? మే నెలలో ఫండ్ అమ్మితే నష్టం, అమ్మకపోతే ఆస్పత్రికి పైసా లేదు, అప్పు వడ్డీ ఆగదు, జీతం సగం. మార్కెట్ పడే రోజులూ ఉద్యోగాలు ఊగే రోజులూ తరచుగా ఒకటే అవుతాయి. మంచి రోజుల్లో ఊరికే ఉండటమే ఆ బంగారం పని. మంటలార్పే బండి షెడ్డులో నిద్రపోతోందని దాన్ని ఇసుక తోలడానికి పంపించరు కదా.

మా పక్క పోర్షన్‌లో ఉండి వెళ్లిన వాళ్ల అబ్బాయి ఇలాంటి సలహాయే విన్నాడు. ఫండ్ కూడా కాదు, ఇంకా తొందరగా పెరిగేదేదో. తల్లి నాంతాడు, కోడలి నెక్లెస్ వెళ్లాయి. రెండుసార్లు తిరగరాయించారు, మూడోసారి వడ్డీకే డబ్బు లేదు. వేలం నోటీసు వచ్చిన రోజు ఆ తల్లి మా ఇంటికి వచ్చి కాగితం నాతో చదివించుకుంది. "వేలం" అన్న మాట రెండోసారి చదవమంది. అందుకే ఈ పాయింటు దగ్గర నాకు నవ్వు రాదు. రెండు లక్షల జీతం, సొంత ఇల్లు, కంపెనీ ఇన్సూరెన్సు ఉన్నవాడు చేస్తే వాడిష్టం. దాన్ని నెలకు 40 వేలు వచ్చే ఇళ్ల గ్రూపుల్లో దణ్ణాలు పెట్టి తిప్పకండి.

అయితే ఆ నాలుగో పాయింటు కిందే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. "నగ పొదుపు కాదు, ఖర్చు." దానిమీద మండిపడి, వాడిని తప్పని నిరూపించడానికే డైరీలు తీశాను. దొరికిపోయాను. పెళ్లప్పుడు పెట్టిన మూడు తులాల గొలుసు మోడల్ నచ్చక ఒకసారి, తెగిందని ఒకసారి మార్చాను. మార్చిన ప్రతిసారీ తరుగు, మజూరీ, పైన మూడు శాతం జీఎస్టీ. ఇప్పుడు నా దగ్గరున్నది రెండు తులాల చిల్లర. పోయిన గ్రాములను నేను డైరీలో "పొదుపు" కింద రాసుకున్నాను, ఎర్ర సిరాతో. టీ డబ్బులకి లెక్క అడిగినదాన్ని, ఇది ఏ పద్దులో వేయాలో నాకు తోచలేదు. ఈ ఒక్క వాక్యం రాసినవాడు నాకంటే తెలివైనవాడు. ఈ ఏడాది నగల స్కీములో చేరలేదు.

ఏడోది మిగిలింది. వారెన్ బఫెట్ 1958లో 31,500 డాలర్లకి కొన్న ఇంట్లోనే ఇప్పటికీ ఉంటాడట, మనకేమో కొత్త ఇళ్లు కావాలట. ఆయన ఇల్లు పాతదే, కానీ సొంతది. మా ఓనరుగారు నిన్ననే మెట్ల మీద ఎదురై, సంక్రాంతి వెళ్లాక అద్దె ఇంకో 500 పెంచుతానన్నారు.