జారడానికి ముందే కూలిపోయే సరుకు: గ్రానైట్ ఎగుమతిలో క్రేటు బలం

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రస్తావన వస్తే క్వారీ లీజులు, సీనరేజి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము), విదేశీ ధరల చుట్టూ చర్చ సాగుతుంది. పాలిష్ పట్టిన స్లాబు ఒంగోలు పరిసరాల్లోని ఫ్యాక్టరీలో బయల్దేరి, చెన్నై రేవు దాటి, ఐరోపాలోనో అమెరికాలోనో కొనుగోలుదారు గోదాముకు చేరేదాకా దాన్ని నిటారుగా నిలబెట్టి ఉంచే చెక్క క్రేటు గురించి మాట్లాడేవారు చాలా తక్కువ. క్రేటును ప్యాకింగ్ ఖర్చుల పద్దులో వేసి, వీలైనంత తగ్గించాల్సిన మొత్తంగా చూడటం మన ఎగుమతి రంగంలో పాతుకుపోయిన అలవాటు. నిజానికి అది టన్నుల బరువును సముద్రపు ఊపుల్లో ఆపవలసిన కట్టడం. దాన్ని లెక్క కట్టి, కొలిచి తయారు చేయాలే తప్ప అలవాటు మీద మేకులు కొట్టి వదిలేయకూడదు.

ముందుగా బరువు సంగతి చూద్దాం. ఈ రాయి ఘనపు మీటరుకు దాదాపు 2.9 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ఒక్క స్లాబే 310 కిలోల పైచిలుకు. అలాంటివి ఎనిమిది కలిపి బండిల్ కడితే రెండున్నర టన్నులు. ఇరవై అడుగుల కంటైనర్‌లో 27 టన్నులు నింపినా రాయి ఆక్రమించేది తొమ్మిది ఘనపు మీటర్లకు కాస్త అటూ ఇటుగానే. లోపలి చోటు మాత్రం 33 ఘనపు మీటర్లు. పత్తి బేళ్లో బియ్యం బస్తాలో అయితే కంటైనర్‌ను నింపుకుని ఒకదానికొకటి ఆనుకుంటాయి. గ్రానైట్‌కు ఆ వెసులుబాటు లేదు. బరువు పరిమితి నిండిపోయినా చుట్టూ ఖాళీ మిగిలే ఉంటుంది, ప్రమాదమంతా ఆ ఖాళీలోనే ఉంది.

కంటైనర్లలో సరుకు సర్దడంపై అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక కమిషన్ కలిసి 2014లో ఆమోదించిన సీటీయూ కోడ్, సముద్రంలో సరుకు మీద పక్కకు పడే తోపుడు ఎంత ఉంటుందో అంకెల్లో చెబుతుంది. అలల ఎత్తు 8 మీటర్ల లోపు ఉండే జలాల్లో సరుకు బరువులో సగం, 12 మీటర్లు దాటే చోట 80 శాతం బలం పక్కకు నెడుతుందని భావించి కట్టాలి. ఇప్పుడు మన బండిల్‌ను తీసుకుందాం. అడుగు వెడల్పు అర మీటరు, గరిమనాభి నేల నుంచి సుమారు మీటరు ఎత్తున ఉందనుకుంటే, దాని బరువులో నాలుగో వంతు బలంతో పక్కకు తోసినా అది ఒరిగిపోతుంది. ప్లైవుడ్ నేల మీద పొడి చెక్క జారడానికి మాత్రం బరువులో 45 శాతం బలం కావాలి. అంటే ఒంటరిగా నిలబెట్టిన స్లాబుల బండిల్ జారడం కంటే చాలా ముందే కూలుతుంది. అందుకు తుపాను అక్కర్లేదు, జాతీయ రహదారి మీద ట్రైలర్ వేగంగా తిరిగే మలుపు చాలు.

అయినా మన యార్డుల్లో జాగ్రత్త అంతా అడుగు భాగాన కనిపిస్తుంది. క్రేటు కాళ్ల పక్కన చెక్క దిమ్మెలు పెట్టి కంటైనర్ నేలకు మేకులు దిగగొడతారు. జారుడును ఆపడానికి అది పనికొస్తుంది. ఒరుగుడును ఆపాలంటే ఆధారం పైభాగాన ఉండాలి: బండిళ్లను ఎదురెదురుగా జంటలుగా నిలిపి, తలల దగ్గర అడ్డ చెక్కలతో బిగించి, జంటలన్నిటినీ ఒకే చట్రంగా మార్చాలి. ఆ అడ్డ చెక్క కొసను నేరుగా కంటైనర్ గోడకు ఆనించడం మరో పొరపాటు. ముడతలు పడిన ఆ ఉక్కు రేకు మందం రెండు మిల్లీమీటర్లకు మించదు. బరువంతా ఒక్క చోట పడితే గోడ ఉబ్బుతుంది, ఉబ్బిన మేరకు బిగువు వదులవుతుంది. గోడ వెంట నిలువు చెక్కలు వేసి, వాటి ద్వారా ఒత్తిడిని పరిస్తేనే ఆ రేకు తట్టుకోగలదు. నేల సంగతీ అంతే. దాని కింద ఉక్కు దూలాలు అడ్డంగా ఉంటాయి కనుక, క్రేటు కింద వేసే మొద్దులు పొడవునా ఉంటే ఎక్కువ దూలాల మీదికి బరువు పాకుతుంది.

ఇక చెక్క. చెక్క ప్యాకింగ్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉంటే క్రేటు పక్కా అని నమ్మేవారు చాలామంది. కలప మధ్య భాగం 56 డిగ్రీల వేడిలో ఎడతెగక 30 నిమిషాలు ఉందనో, ఫ్యూమిగేషన్ జరిగిందనో ఆ ముద్ర చెబుతుంది. పురుగులు దేశాలు దాటకుండా చూడటం దాని పని. కలప ఆరిందనీ, బలంగా ఉందనీ అది ఎక్కడా చెప్పదు. వర్షాకాలంలో కోసిన పచ్చి కలపతో కట్టిన క్రేటు వారాల ప్రయాణంలో ఆరుతూ కుంచించుకుపోతుంది. మేకు పట్టు తప్పుతుంది, ఒంగోలులో గట్టిగా లాగి బిగించిన ఇనుప పట్టీ దారి మధ్యలో వేలు దూరేంతగా వదులవుతుంది. ఓడ రోజుకు కొన్ని వేల సార్లు ఇటూ అటూ ఊగుతుంది కనుక, ఆ కాస్త సందులో మొదలైన కదలిక ప్రతి ఊపుకూ పెరుగుతూ పోతుంది. స్టఫింగ్ (కంటైనర్‌లో సరుకు నింపే) రోజున కలప తేమను కొలిచే చిన్న పరికరం ప్రతి ఎగుమతిదారు దగ్గరా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దారి కూడా మారింది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఐరోపా వైపు వెళ్లే ఓడలు పెద్ద సంఖ్యలో సూయజ్‌ను వదిలి ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి వెళ్లాయి. ప్రయాణం పెరిగింది, గుడ్‌హోప్ అగ్రం దగ్గరి ఉగ్రమైన అలలు తోడయ్యాయి. వరల్డ్ షిప్పింగ్ కౌన్సిల్ లెక్కల ప్రకారం సముద్రంలో పడిపోయిన కంటైనర్లు 2023లో 221 కాగా 2024లో 576. వాటిలో రెండు వందల దాకా ఆ అగ్రం పరిసరాల్లోనే పోయాయి. ఏటా కోట్లలో కదిలే కంటైనర్ల ముందు ఇది చిన్న సంఖ్యే, నిజమే. కానీ ఓడ మీదే ఉండి లోపల సరుకు కూలిన కంటైనర్లు ఈ లెక్కలోకి రావు. సూయజ్ దారిని మనసులో పెట్టుకుని ఏళ్ల క్రితం కుదుర్చుకున్న క్రేటు కొలతలనే ఈ దారికీ వాడటం అవివేకం.

నష్టం జరిగితే భారం ఎవరిది? సరుకు నింపినదీ సర్దినదీ పంపినవారేనని ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్ మీదే రాసి ఉంటుంది. సముద్ర బీమాలో విస్తృతమైన రక్షణ ఇచ్చే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ‘ఎ’ (A) రకం పాలసీ సైతం, ప్యాకింగ్ చాలకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని మినహాయిస్తుంది. కంటైనర్ బరువును తూచి ధ్రువీకరించడం 2016 జూలై 1 నుంచి తప్పనిసరైంది గానీ లోపల ఎలా సర్దారో చెప్పే సీటీయూ కోడ్ ఇప్పటికీ మార్గదర్శకమే. బరువు అబద్ధమైతే కాటా పట్టేస్తుంది, బిగింపు అబద్ధమైతే తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ తలుపు తీసేది కూలి మనిషి. కంటైనర్ నుంచి స్లాబులు దించుతూ వాటి కింద నలిగి చనిపోయిన కార్మికుల ఉదంతాలు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ నమోదయ్యాయి. అడ్డ చెక్క ఏది ముందు తీయాలో, ఏ బండిల్ దేన్ని ఆనుకుని ఉందో లోపలికి వెళ్లేవారికి తెలిసే దారి లేకపోతే మనం ఎంత గట్టిగా బిగించినా వారికి ముప్పు తప్పదు. అందువల్ల సర్దిన తీరును గీసిన బొమ్మ, తీయవలసిన వరుసతో సహా, తలుపు లోపలి వైపు అంటించడం నియమం కావాలి. ఆ బొమ్మ, సర్దిన తీరు ఫోటోలు కొనుగోలుదారుకు ముందే వెళ్లాలి.

ఇవన్నీ ఖర్చుతో, సమయంతో ముడిపడ్డ పనులు. రేవు గేటు మూసే గడువు దగ్గరపడ్డాక సాయంత్రం ట్రైలర్ వస్తే, రాత్రికి రాత్రి పని ముగించమని స్టఫింగ్ కూలీలను తొందరపెడతారు. వారికి కంటైనర్ లెక్కన కూలి కట్టినంతకాలం ఇది మారదు. క్రేటు, బిగింపు ఖర్చును చదరపు మీటరు ధరలో కలిపేయకుండా కొటేషన్‌లో విడిగా చూపాలని, బేరం దాని మీద జరగకూడదని ఎగుమతిదారుల సంఘాలు ఉమ్మడిగా నిర్ణయించుకోవాలి. గ్రానైట్ మీద ఆదాయం పొందుతున్న ప్రభుత్వం ఒంగోలు, చీమకుర్తి యార్డుల్లోని స్టఫింగ్ కూలీలకు సీటీయూ కోడ్‌ను తెలుగులో నేర్పే శిక్షణను ఏర్పాటు చేసి, ఆ శిక్షణ పొందినవారి పర్యవేక్షణ లేనిదే కంటైనర్‌కు సీలు పడకుండా చూడాలి.