ఫొటో వెనక్కి తిప్పరాదు

కథకు వస్తువు దొరకడం లేదని బెంగపడే రచయితలకు ఇకమీదట ఆ చింత అక్కర లేదు. పాత ఫొటో ఒకటి ఎదుట పెట్టుకుని, అందులోని మనిషి కళ్లలోకి పదిహేను నిమిషాలు రెప్ప వేయకుండా చూస్తే కథ దానంతట అదే పుడుతుందని, నేను రుసుము చెల్లించి మరీ హాజరైన ఒక రచనా శిబిరంలో రుజువైంది. చిన్నప్పుడు చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీకి మేమూ రాసేవాళ్లం. రెండు ఫొటోలకు రెండు వ్యాఖ్యలు, అవీ రెండు మూడు మాటల్లో, పైగా రెంటికీ సంబంధం ఉండాలి. శిబిరంలో అలాంటి నిర్బంధాలేవీ లేవు. ఉన్న నియమం ఒక్కటే: ఫొటోను వెనక్కి తిప్పరాదు. వెనుక ఊరి పేరో, సంవత్సరమో, స్టూడియో ముద్రో ఉంటుంది. తెలిసిన విషయం ఊహకు పంటికింద రాయి అని నిర్వాహకులు విడమరిచి చెప్పారు.

మొదటి అభ్యాసానికి, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన లూయీ డాగేర్ 1838లో పారిస్‌లోని ఒక పెద్ద వీధిని మేడ కిటికీలోంచి తీసిన ఫొటో ఇచ్చారు. పట్టపగలే అయినా ఆ వీధిలో బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి, అతని కాళ్ల దగ్గర పని చేస్తున్న మనిషి తప్ప ఇంకెవరూ కనబడరు. మహమ్మారి ఊడ్చిపెట్టిన నగరంలో మిగిలిన ఇద్దరు మిత్రుల గురించి మా పక్కాయన కంటతడి పెట్టించే కథ రాశారు. నిజానికి ఆ వీధి నిండా బండ్లూ జనమూ ఉన్నారు. రేకు మీద బొమ్మ పడడానికి ఆ రోజుల్లో నిమిషాలు పట్టేది కనుక కదిలినవాళ్లంతా మాయమై, కదలకుండా ఉన్న పాపానికి ఈ ఇద్దరూ చిక్కారు. ఆ మాట చెప్పబోయి ఊరుకున్నాను. అంత మంచి కథలోకి అంత జనాన్ని తోలడం మర్యాద కాదు.

తరువాత లాలా దీన్‌దయాళ్ హైదరాబాదు స్టూడియో నుంచి ఒక ఘోషా స్త్రీ ఫొటో వచ్చింది. ఆ ముఖంలో నవ్వు లేకపోవడాన్ని పట్టుకుని, బలవంతంగా కెమెరా ముందుకు ఈడ్చుకొచ్చిన పంజరపు చిలుకగా ఆమెను అందరం చిత్రించాం. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆ దీన్‌దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఉన్న నగలన్నీ పెట్టుకుని, ముచ్చటపడి వచ్చి కూర్చున్న మనిషి చిలుకగా ఎందుకు పనికివస్తుంది? అందుకే ఆ సంగతినీ మింగేశాను.

మూడోది ధాత కరువు ఫొటో. 1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోనూ బళ్ళారి, కర్నూలు, కడప సీమలను పీల్చి పిప్పిచేసిన ఆ కరువులో, ఎండకు రాళ్లు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలునని కరువు సహాయాన్ని చూడడానికి ఆంగ్ల ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఎముకల గూళ్లయిన మనుషులను కెమెరా ముందు గుంపుగా చేర్చి ఈ ఫొటోలు తీసినవాడు హూపర్ అనే సైనికాధికారి. 1886లో బర్మాలోని మాండలేలో బందీలను కాల్చి చంపే సరిగ్గా ఆ క్షణాన్ని పట్టబోయి విచారణను ఎదుర్కొన్నవాడూ ఇతడే. “ఆ తల్లి ఏమి ఆలోచిస్తోందో రాయండి” అన్నారు నిర్వాహకులు. కెమెరా వెనుకనున్న మనిషి ఏమి ఆలోచిస్తున్నాడని ఎవరూ అడగలేదు, అడగనవసరమూ లేదు, ఎందుకంటే అతడు ఫొటోలో లేడు. పన్నెండుమందిమి రాస్తే, ఏడుగురికి ఆమె కళ్లలో సముద్రం కనిపించింది. ఆ ఏడుగురిలో నేనూ ఒకణ్ణి.

గంట మోగగానే భోజనాలకు లేచాం. పులిహోర, గుత్తివంకాయ కూర, రెండు రకాల తీపి. వరుసలో నా ముందున్నాయన, తన కథలో ఆ తల్లిని బతికించాలా చంపాలా అన్నది ఇంకా తేలలేదని, పోటీల్లో ఈమధ్య దేనికి బహుమతి వస్తోందో కాస్త కనుక్కోవాలని అన్నారు. ఇంతలో ఫ్యాను గాలికి బల్ల మీది ఫొటో బోర్లా పడింది. వెనుక పెన్సిలుతో రెండు వరుసలు ఏవో రాసి ఉన్నాయి. నియమం నియమమే కనుక చదవలేదు. పైగా నా రెండు చేతుల్లోనూ పళ్ళెం ఉంది.